కుక్కపిల్ల కాటును, పెద్దకుక్క యోర్పును

మన కృష్ణాతీరమున కుక్కలకును కార్తెలకును సంబంధము గలదని రైతులెల్లరు నెరుగుదురు. చిత్త కార్తె అక్టోబరు నెల నడుమ వచ్చును. కుక్కలు జతగూడు కాలమది. ఆడుకుక్క రమారమి 63 దినములు చూలు మోయును. కనుక డిసెంబరు నెల రెండవ సగమున, క్రిస్మసు సెలవులు వచ్చునాటికి, పటమట వీధులలోను, బందరు కాలువ గట్టుమీదను, కట్టుచున్న యిండ్ల ఇసుక కుప్పల చాటునను కుక్కపిల్లలు కన్నులు మూసికొని కుయ్యి కుయ్యిమనుచుండును. సెలవులలో విద్యార్థులు వానిని చూతురు, ముచ్చటపడుదురు, ఎత్తుకొందురు. సంక్రాంతి దాటునప్పటికి వానిలో కొన్ని వారి యిండ్లు చేరును.

ఇంతవరకు సంతోషమే. ఏప్రిలు నెల వచ్చునప్పటికి కథ మారును. ఆ పిల్లయే చేతులు కొరుకును. లంగాల అంచులు చింపును. పసివాని మడమలు పట్టుకొని లాగును. అంతకన్న ముఖ్యముగా, ఆ యింట ముందునుండి యున్న పెద్దకుక్క చెవులు పీకి, తోక కొరికి, మెడమీదికి దుమికి, దానికి తిండియు నిద్రయు లేకుండ చేయును. అప్పుడు ఇంట రెండు మాటలు వినబడును. “ఈ పిల్ల పొగరుబోతు, దీనిని ఎక్కడనైన విడిచి రండి” అనునది యొకటి. “పెద్దకుక్కకు ఈర్ష్య పుట్టినది, పిల్లమీద గుర్రుమనుచున్నది, దానిని కట్టివేయండి” అనునది రెండవది. మొదటి మాటవలన పిల్ల కాలువగట్టు పాలగును. రెండవ మాటవలన ఏండ్ల తరబడి ఇల్లు కాచిన జంతువు గొలుసు పాలగును. రెండును అన్యాయములే, రెండును కారణము తెలియకపోవుటవలన కలుగునవే. కావున ఆ కారణములను, వానికి తగిన ఉపాయములను విద్యార్థులకు తెలుప నెంచితిమి.

పిల్ల ఏల కరచును?

మొదటి కారణము, దానికి చేతులు లేకుండుటయే. పసిబిడ్డ వస్తువును చేతితో పట్టి చూచును, పిమ్మట నోటబెట్టును. కుక్కపిల్లకు చేయియు నోరును ఒక్కటే. మెత్తనిదేది, గట్టిదేది, కదలునదేది, కదలనిదేది యని అది నోటితోనే తెలిసికొనవలెను. కనుక ప్రతి కాటును కోపమని యెంచరాదు.

రెండవ కారణము పండ్లు. కుక్కపిల్లకు పుట్టినప్పుడు పండ్లుండవు. మూడవ వారము మొదలు పాలపండ్లు మొలచును. అవి మొత్తము 28. సూదులవలె సన్నమై వాడిగా నుండును. సుమారు నాలుగవ నెలలో అవి యూడుట మొదలగును. ఆరేడు నెలలు నిండునప్పటికి 42 పండ్లు గల పెద్దవరుస యేర్పడును. ఈ మార్పు జరుగు కాలమున చిగుళ్లు దురదపెట్టును, నొప్పిపెట్టును. దేనినైనను కొరుకవలెనని పిల్లకు తోచును.

మూడవ కారణము ఆట. పరుగెత్తుట, పట్టుకొనుట, విదలించుట అను పనులన్నియు వేటాడు జంతువులకు పుట్టువుతో వచ్చిన విద్యలు. పిల్ల వానిని ఆటలో అభ్యసించును. ఇంట మరియొక పిల్ల లేనిచో పెద్దకుక్క తోకయే దానికి ఎలుక, మన పాదములే దానికి కుందేలు.

నాలుగవ కారణము అలసట. ఇది పలువురకు తెలియనిది. చిన్న కుక్కపిల్ల దినమునకు 18 మొదలు 20 గంటలవరకు నిద్రించును. బడినుండి వచ్చిన పిల్లలు, వారి స్నేహితులు, చూడవచ్చిన చుట్టములు ఒకరి తరువాత నొకరు దానిని ఎత్తి, దింపి, ఆడించుచుండగా ఆ నిద్రకు భంగము కలుగును. నిద్ర చాలని పసివాడు సాయంకాలము ఊరక యేడ్చినట్లే, నిద్ర చాలని పిల్ల సాయంకాలము పిచ్చిగా పరుగెత్తి కనబడినదెల్ల కరచును. దానికి కావలసినది దెబ్బ కాదు, పడుక.

కాటునకు కొలత

కుక్క బ్రతుకునంతయు కరవకుండ నుండవలెనని మనము కోరుట సాధ్యము కాదు. భయమువలననో నొప్పివలననో ఏ మంచి కుక్కయైనను ఒకనాడు నోరు వేయవచ్చును. అప్పుడు ఎంత బలముగా వేయును అనునదే ముఖ్యము. ఈ కొలతను కుక్క పసితనముననే నేర్చును. దీనికి మొదటి గురువు తల్లి. పాలు కుడుచు పిల్ల వాడిపండ్లతో చన్ను కొరికినచో తల్లి లేచి పోవును, పాలు నిలిచిపోవును. తోడి పిల్లలు రెండవ గురువులు. ఒకటి గట్టిగా కరచినచో రెండవది కెవ్వున నరచి ఆట మానును. గట్టిగా కరచినచో ఆటయు లేదు, పాలును లేవు. మెల్లగా పట్టినచో రెండును కలవు. ఇట్లు దినమునకు అనేక పర్యాయములు జరుగగా పిల్ల దవడ కొలత నేర్చును.

అమెరికా దేశమున బార్ హార్బరు అను ఊరి ప్రయోగశాలలో స్కాటు, ఫుల్లరు అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కుక్కపిల్లలను పెంచి పరిశీలించి, 1965లో తమ గ్రంథమును ప్రకటించిరి. పిల్లకు మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు గల కాలము తోడివారితో మెలగుట నేర్చుటకు మిక్కిలి ముఖ్యమని వారు చూపిరి. ఆ కాలమున మొదటి భాగమంతయు తల్లియొద్దను తోబుట్టువులయొద్దను గడవవలెను. సంక్రాంతికి మనము తెచ్చుకొను పిల్లకు మూడు నాలుగు వారములైన నిండియుండవు. అనగా పండ్లు మొలచుచున్న నాడే, పాఠము మొదలుకాకమునుపే, దానిని బడి మాన్పించి తెచ్చుచున్నామన్నమాట. ఎనిమిది వారములు నిండువరకు, అనగా ఫిబ్రవరి నడుమవరకు, తల్లికి ఆహారము పెట్టుచు పిల్లలను అచటనే కాపాడి, పిమ్మట తెచ్చుకొనుట మేలు. తల్లి చనిపోయిన పిల్లను ముందే తేవలసివచ్చినచో, ఆ పాఠమును ఇంటి పెద్దకుక్కయు మనమును కలిసి చెప్పవలెను.

మన ప్రాంతమునకు చెందిన జోనంగి కుక్కలను గూర్చి కొందరు వినియుందురు. పొట్టి వెండ్రుకలు గల ఈ సన్నని కుక్కలు కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను తోలుటకు ఉపయోగపడినవి. బాతును తోలవలెనే గాని చంపరాదు గదా! వేటాడు స్వభావము గల జంతువే తన నోటిని అదుపులో నుంచుకొని పక్షుల మందను కాచినదనగా, కాటు పుట్టువుతో వచ్చినను కొలత నేర్పుతో వచ్చునని తెలియుచున్నది. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత ఇచట అక్షరాల చెల్లును.

ఆటయా, పోట్లాటయా?

రెండు కుక్కలు ఒకదానిమీద నొకటి పడి గుర్రుమనుచుండగా చూచువారికి గుండె దడదడలాడును. ఐనను గుర్రుమనుటయంతయు పోట్లాట కాదు. ఆటకు గుర్తులు కలవు. ముందుకాళ్లు నేలకు ఆనించి, ఛాతి వంచి, వెనుకభాగము పైకెత్తి కుక్క చేయు నమస్కారము వానిలో మొదటిది. మార్కు బెకాఫ్ అను శాస్త్రజ్ఞుడు 1995లో ప్రకటించిన పరిశీలనలో ఒక చక్కని సంగతి కలదు. ఆటలో కరచి తల విదలించుట యపార్థమునకు తావిచ్చు పని. అట్టి కాటునకు సరిగా ముందును వెంటనే వెనుకను ఈ నమస్కారము ఎక్కువగా కనబడునట. “నేను చేయునది ఆటయే సుమా” యని చెప్పుటవంటిది. నోరు తెరచి వదులుగా నుంచుట, ఒడలు మెలికలు త్రిప్పుట, నడుమ నడుమ నిలిచి మరల మొదలిడుట, పైనున్నది క్రిందికిని క్రిందున్నది పైకిని మారుట, ఒకసారి తరిమినది మరియొకసారి తరుమబడుట, ఇవియన్నియు ఆట గుర్తులే. మంచి పెద్దకుక్క తన బలమును తగ్గించుకొని తానే వెల్లకిల పరుండి పిల్లకు గెలుపు నిచ్చుటయు కలదు.

పెద్దకుక్కకు విసుగు పుట్టినచో గుర్తులు వేరు. అది మొదట మొగము త్రిప్పుకొనును. లేచి దూరము పోవును. పిల్ల వెంటబడినచో ఒడలు బిగబట్టి నిలుచును, కన్నుల తెలుపు కనబడునట్లు ఓరగా చూచును, పెదవి యెత్తి పండ్లు చూపును, గుర్రుమనును, తుదకు గాలిలో టపుక్కున నోరు మూయును. ఒక్కొక్కప్పుడు పిల్లను క్షణకాలము నేలకు అదిమి, గాయము చేయకయే విడుచును. ఇవి మెట్లు. ఒక్కొక్క మెట్టును ఒక హెచ్చరిక. పిల్ల ఆగినంతనే పెద్దదియు ఆగినచో అది శిక్షణయే గాని క్రౌర్యము కాదు. గుర్రుమన్నదని పెద్దకుక్కను కొట్టువారు మిక్కిలి ప్రమాదమైన పని చేయుచున్నారు. ఏలయనగా దెబ్బకు వెరచి అది గుర్రుమనుట మానును గాని, దాని విసుగు మానదు. అట్టి కుక్క పిమ్మట హెచ్చరిక లేకయే కరచును.

సందేహము కలిగినచో ఒక సులభమైన పరీక్ష కలదు. గట్టిగా ఆడుచున్న దానిని, సాధారణముగా పిల్లను, కొంచెముసేపు పట్టి యుంచుడు. పెద్దది తిరిగి తానే దగ్గరకు వచ్చి ఆటకు పిలిచినచో అది సంతోషముతో ఆడుచున్నదని అర్థము. ఇదే సందని అది మంచము క్రిందికో పెరటిలోనికో పోయినచో, దానికి చాలునని అర్థము. దాని మాట మన్నింపవలెను. పెద్దది ఒడలు బిగిసి వెంటాడుచున్నను, పిల్ల కెవ్వుమన్నను విడువకున్నను, గాయములు చేయుచున్నను, వెంటనే వేరుచేసి పశువైద్యుని అడుగవలెను.

పెద్దకుక్కకు చెల్లవలసినవి

పదేండ్ల కుక్క మనుష్యులలో ముసలివానితో సమానము. దాని కీళ్లు నొచ్చుచుండవచ్చును; కన్ను మసకబారి యుండవచ్చును; చెవి వినబడక పిల్ల వెనుకనుండి వచ్చినప్పుడు ఉలికిపడవచ్చును. ఇదివరకు శాంతముగా నున్నది హఠాత్తుగా కోపిష్ఠియైనచో ముందుగా నొప్పి యున్నదేమో చూపింపవలెను. ఇంట తాతయ్యగారు మధ్యాహ్నము పండుకొన్నప్పుడు పిల్లలను మనము అరుగుమీదికి పంపుదుము గదా! ఆ మర్యాదయే దీనికిని చెల్లవలెను.

పిల్ల ఎక్కలేని అరుగో, అడ్డుపలక పెట్టిన గదియో, ఒక చోటు పెద్దదానికే విడువవలెను. అన్నము వేర్వేరు చోట్ల, వేర్వేరు గిన్నెలలో, ఒకదాని కొకటి కనబడకుండ పెట్టవలెను. పెద్దది తినుట ముగించువరకు పిల్లను విడువరాదు. దినమునకు ఒకసారియైనను పెద్దదానిని మాత్రమే వెంటగొని నడకకు పోవలెను. పిల్ల వచ్చినది గాని తన స్థానము పోలేదని అది తెలిసికొనును. మనము ఇంట లేనప్పుడు రెంటిని ఒకచోట విడువరాదు. పిల్ల పెరిగి నెమ్మదించి, కొన్ని వారములు కలహము లేకుండ గడచిన పిమ్మటనే ఆ నమ్మకము ఉంచవలెను.

మనము చేయవలసినది

శిక్షణ కళాశాలలో చదివిన ఉపాధ్యాయులకు థార్న్‌డైకు పేరు పరిచితమే. జంతువులతో పరీక్షలు జరిపి ఆయన స్థాపించిన ఫలితనియమము ఇది: మంచి ఫలితమిచ్చిన పని మరల చేయబడును, ఫలితమీయని పని క్రమముగా మానును. కుక్కపిల్ల విషయమున ఈ నియమమును తలక్రిందులు చేయుటయే సాధారణముగా జరుగు పొరపాటు. కరచినప్పుడు అందరును కేకలు వేసి, చేతులూపి, పరుగెత్తుదురు. పిల్లకు అంతకన్న మంచి ఆట లేదు. నెమ్మదిగా పరుండినప్పుడు ఎవరును దానివైపు చూడరు.

కనుక పిల్ల చేతిని గట్టిగా పట్టినచో చేయి వెనుకకు లాగకుడు. లాగినకొలది అది వెంటపడును. కదలక నిలిచి, చేయి వదులుగా నుంచి, అది విడిచినంతనే మాటలాడక లేచి అడ్డుపలక ఆవలకు పొండు. అరనిమిషము చాలును. పిమ్మట వచ్చి కొరుకదగిన వస్తువు నిచ్చి, దానిని కొరికినప్పుడు మెచ్చుకొనుడు. కెవ్వుమని అరచినచో కొన్ని పిల్లలు ఆగును. కొన్ని మరింత రేగును. రేగు పిల్లయొద్ద మౌనమే మేలు.

పెద్దకుక్క విషయమునను ఇంతే. పిల్ల మెడపట్టీకి ఒక తేలిక త్రాడు కట్టి, మనము చూచుచున్నంతసేపు ఈడ్చుకొని పోనిండు. పెద్దది మొగము త్రిప్పిన మొదటి మెట్టునందే త్రాడు పట్టి, పిల్లను మెల్లగా ప్రక్కకు పిలిచి, వచ్చినచో చిన్న తినుబండ మిండు. అయిదు నిమిషములు ఆట, పిమ్మట విరామము, పిమ్మట నిద్ర, ఇది క్రమము. చాలునన్నప్పుడు తన తరపున మాటలాడువారు కలరని తెలిసిన పెద్దకుక్కకు పండ్లు చూపవలసిన యవసరము తగ్గును.

కొరుకుటకు ఏమి ఇయ్యవలెను? పాత గుడ్డను మెలిపెట్టి ముడులు వేసి, తడిపి, చల్లజేసి యిచ్చినచో చిగుళ్లకు హాయి. పెద్ద క్యారెట్టు నీయవచ్చును. రెండును ఎదుట నుండగనే ఇయ్యవలెను. పీలికలు ఊడినచో తీసివేయవలెను. ఉడికిన కోడియెముకలు పెళ్లలుగా విరిగి గొంతునను ప్రేగులలోను గ్రుచ్చుకొనును గనుక ఇయ్యరాదు. పాత చెప్పు ఇయ్యరాదు. పాతదానికిని కొత్తదానికిని భేదము కుక్క యెరుగదు.

మూతిమీద కొట్టుట, దవడ నొక్కుట, నోట కారము పూయుట, పొట్టి గొలుసుతో దినమంతయు కట్టియుంచుట, ఇవి మన వీధులలో నేటికిని జరుగుచున్నవి. వీనివలన పిల్ల నేర్చునది ఒక్కటే: మనుష్యుని చేయి నొప్పి కలిగించునని. ఆంధ్ర మహాభారతమున నన్నయభట్టారకుడు ఆదిపర్వములో సరమ కథ చెప్పెను. ఆడుకొనుటకు వచ్చిన కుక్కపిల్ల సారమేయుని జనమేజయుని తమ్ములు కొట్టగా, తల్లి సరమ వచ్చి రాజునే నిలదీసెను. ఆలోచింపక సాధువులను దండించువారికి అనుకొనని భయములు కలుగునని ఆమె హెచ్చరించెను. కుక్కను పెంచు ప్రతి యింటివారును ఆ కథ నొకసారి చదువదగును.

వేరొక మాట. ఇంట నియమ మొక్కటిగా నుండవలెను. అన్నయ్య చేయి కొరికించుకొని నవ్వి, నాయనమ్మ అదే పనికి కఱ్ఱ యెత్తినచో పిల్లకు ఏమియు అర్థము కాదు. ఇంటిలోని వారందరు కూర్చుండి, ఏది కూడును ఏది కూడదు అని ముందుగనే నిర్ణయించుకొనవలెను.

ఎండకాలపు జాగ్రత్త

పండ్లు మారి కాటు హెచ్చు కాలము మనకు ఏప్రిలు, మే నెలలు. ఎండ తీవ్రతయు అప్పుడే. కుక్క మనవలె ఒడలంతయు చెమర్చదు. ముఖ్యముగా నోరు తెరచి రొప్పుటవలననే వేడిని పోగొట్టుకొనును. కావున తెల్లవారుజామునను ప్రొద్దుగ్రుంకిన పిదపను మాత్రమే ఆడనిండు. మధ్యాహ్నము పిల్ల రేగినచో చీకటి గదిలో నీటి గిన్నెతో పరుండబెట్టుడు. ముసలి కుక్కకు వడదెబ్బ ప్రాణాంతకము.

రక్తము చూచినచో

పిల్ల కాటేగదా యని యుపేక్షింపరాదు. నెలల పిల్లకును రేబిస్ వ్యాధి యుండవచ్చును. పండ్లు గాని గోళ్లు గాని చర్మమును గీచినచో వెంటనే సబ్బుతోను పారు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆనాడే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. ఇంట దాచరాదు. తిట్టుదురను భయముచేత బాలురు గాయము దాచుట మిక్కిలి యపాయకరము. కనుక పెద్దలు తిట్టరాదు. లూయీ పాస్చరు 1885 జూలై 6వ తేదీన జోసెఫు మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి మొదట ఈ టీకా వేసెను. దక్షిణ భారతమున కూనూరునందలి పాస్చరు సంస్థ 1907లో వెలసినది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని పెద్దలు చెప్పు పాతమందు వాడుక 2005 నాటికి మన దేశమున నిలిచిపోయినది. నేటి టీకా చేతికే వేయుదురు. మోతాదులు నాలుగో అయిదో యుండును. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట మందు లేదనియే చెప్పవలెను. ముందు టీకా యున్నది. పిల్లకు మూడు నెలలు నిండినంతనే, అనగా మార్చి నెలాఖరునకు, దానికిని టీకా వేయించుడు. పెద్దదాని గడువు కూడ చూచుకొనుడు. పశువైద్యము చదువ గోరు విద్యార్థులకు గన్నవరమునందు 1998లో ఏర్పడిన పశువైద్య కళాశాల మనకు సమీపముననే కలదు.

ఈ శ్రమ ఎన్నాళ్లు అని కొందరడుగుదురు. వేసవి సెలవులు ముగిసి జూను నెలలో బడులు తెరచునప్పటికి పెద్దపండ్లు చాలవరకు వచ్చియుండును. జూలై నెలాఖరునకు నోటి దురద తగ్గును. అనగా ఓర్పు వహింపవలసినది నాలుగైదు నెలలు. కుక్క మనతో నుండునది పదిపండ్రెండేండ్లు. ఈ కొలది నెలలలో మనము తొందరపడనిచో, పిల్లకు కొలత వచ్చును, పెద్దదానికి మర్యాద దక్కును, ఇంటి పసివారికి భయము తీరును. ఈ యేడు పిల్లను తేదలచిన విద్యార్థులు ముందుగా మూడు ప్రశ్నలు వేసికొందురు గాక: దీనికి ఎనిమిది వారములు నిండినవా? మా యింటి పెద్దకుక్కకు విశ్రాంతి నీయగల చోటు కలదా? ఏప్రిలు నెలలో నా చేయి కొరికినను దీనిని విడువకుందునా? మూడింటికిని అవునను జవాబు వచ్చినప్పుడే చేయి చాపవలెను.